గొట్టం అవతలి చివర

సాయంత్రం టీ కప్పులు కడిగి బోర్లించాక లాడ్జీ యజమాని మరదలు ముక్కుకూ నోటికీ కలిపి పల్చటి గుడ్డ కట్టుకుని హాల్లోకి వచ్చేది. కిటికీల ముందు నిలబడి ఒక్కసారి ఊపిరి పీల్చేది. ముఖమల్ కర్టెన్లన్నీ ఆమె వైపు వంగి, పట్టిన దుమ్మంతా వదులుకుని, మడతలు సర్దుకుని మళ్లీ నిటారుగా నిలబడేవి. ఆ తర్వాత నడుం వంచి బల్లల కింద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. రొట్టె ముక్కలూ, వెంట్రుకలూ, గుమాస్తా పారేసుకున్న చొక్కా గుండీలూ వచ్చి గుడ్డకు అంటుకునేవి. గుడ్డ తీసుకెళ్లి పెరట్లో దులిపితే ఊడ్పు పూర్తయినట్టే. ఆ లాడ్జీకి చీపురు కొని ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు.

అక్కడ ఇదేమీ విశేషం కాదు. వంటమనిషిది ఎడమచేతివాటం, గుమాస్తాకు గురక, మరదలికి ఊపిరి. కొత్తగా దిగినవాళ్లు కూడా ఒకసారి చూసి, "మా గదిలో మంచం కింద కూడా కాస్త పీల్చమ్మా," అని తాళంచెవి చేతిలో పెట్టి తమ పని మీద వెళ్లిపోయేవాళ్లు.

వదలడం దగ్గరే వచ్చింది ఇబ్బంది. చిన్నప్పుడు ఒకసారి భోజనాల దగ్గర ఆమె పీల్చిందంతా ఒక్కసారిగా వదిలేస్తే దీపాలు ఆరిపోయి, తలుపులు బార్లా తెరుచుకుని, మేనమామ విగ్గు లేచి వెళ్లి పక్కింటి దండెం మీద పడింది. ఆ రోజే అక్క నియమం పెట్టింది. పీల్చడం ఎక్కడైనా పీల్చవచ్చు. వదలాలంటే మాత్రం కిటికీ దాకా వెళ్లి, తల బయటపెట్టి, కొద్దికొద్దిగా వదలాలి. అందుకని మరదలు పని మధ్యలో "ఊపిరి వదిలొస్తానక్కా," అనేది. "త్వరగా రా," అనేది అక్క. ఇన్నేళ్లలో అక్కాచెల్లెళ్ల మధ్య జరిగిన సంభాషణ అంతా కలిపి చూస్తే ముప్పాతిక వంతు ఇదే.

ఇక ఈ అక్కను కట్టుకున్న మహానుభావుడి సంగతి. లాడ్జీ ఆయనదే. ఊళ్లో అందరూ ఆయన్ని విద్వాంసుడు అంటారు. అనిపించుకోవడానికి ఆయన పడని పాట్లు లేవు కాబట్టి మనమూ అలాగే అందాం.

హాల్లో ఒక మూల పియానో ఉంది. తనంతట తానే వాయించుకునే రకం. చిల్లులు పొడిచిన కాగితం చుట్ట ఒకటి దాని నడుమ రంధ్రాలున్న ఒక ఇత్తడి పట్టీ మీదుగా నడుస్తుంది. కరెంటు మోటారున్న పెట్టె ఒకటి గొట్టంలోంచి గాలి లాగుతూ ఉంటుంది. కాగితంలో చిల్లు వచ్చిన చోట గాలి దూరి, లోపల బుల్లి తిత్తి ఒకటి ముడుచుకుని, దానికి సంబంధించిన, వేలితో నొక్కే మెట్టును కిందికి లాగుతుంది. చుట్ట తిరగడంతో సహా పాట మొత్తం ఆ గాలితోనే నడుస్తుంది. మనిషి చేయాల్సింది స్విచ్ వేయడం. విద్వాంసుడు స్విచ్ బాగా వేసేవాడు, అందులో వంక పెట్టడానికి లేదు.

స్విచ్ వేశాక తోకల కోటు సర్దుకుని పియానో ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, మెట్లకు వెంట్రుకవాసి పైన వేళ్లు ఆడించేవాడు. మొదట్లో ఇది హాల్లో అందరికీ తెలిసిన వేళాకోళమే. తర్వాత సంగతి తెలియని కొత్తవాళ్లు దిగి, "ఏం వాయించారండీ!" అన్నారు. ఆయన కాదనలేదు. మరి కొన్నాళ్లకు, సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా నవ్వితే ఒంటికాలి మీద లేవడం మొదలుపెట్టాడు. చివరికి ఆ పాత కాపులంతా గదులు ఖాళీ చేసి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు సంగీతం కంటే సూపు వేడిగా ఉండటం ముఖ్యం. పాట అయిపోగానే చప్పట్లు కొడితే సూపు త్వరగా వస్తుందని వాళ్లకు తెలుసు.

ఆయనకున్న బాధల్లా మోటారు హోరు. పెట్టె పియానో అడుగునే ఉన్నప్పుడు ఎవరో ఒకావిడ, "వాయించేది మీరైతే ఈ గుర్రుమనేది ఏమిటండీ?" అని అడిగింది. మర్నాడే పెట్టెను గోడ అవతలికి మార్పించాడు. అక్కడా వినపడుతోందని మేడమెట్ల కిందికి, అక్కణ్నుంచి సామాన్ల గదికి, చివరికి పెరట్లో బొగ్గుల షెడ్డులోకి చేర్చాడు. పెట్టె వెళ్లిన కొద్దీ గొట్టమూ దాని వెంట సాగింది. కీర్తి పెరిగిన కొద్దీ పెట్టె దూరం కావాల్సిందేనని ఆయన నమ్మకం. అంత దూరం నుంచి గాలి లాగడం ఎలాగన్నది మోటారు చూసుకోవాలి. అలాంటి చిల్లర విషయాలు విద్వాంసులు పట్టించుకోరు.

అనుకున్నట్టే పియానో నీరసపడింది. హుషారు పాట పెడితే సంతాప సభలా నడిచేది. పై మెట్లు మధ్యమధ్యలో మూగబోయేవి. చుట్ట తిరగడమే మందగించి, విద్వాంసుడి చేతులు పాట కంటే ముందు వెళ్లిపోయేవి. ఆయన చివరి దెబ్బ కొట్టి, తల వెనక్కి వాల్చి, చప్పట్ల కోసం ఎదురుచూస్తుంటే పాట ఇంకా మధ్యలో కుంటుతూ ఉండేది.

"నీ చెల్లెలు దుమ్ము సరిగ్గా తీయడం లేదు," అన్నాడు ఆయన భార్యతో.

"నేనూ అదే అనుకుంటున్నానండీ," అంది అక్క. మొగుడు అన్నదాన్ని తానూ అనుకోవడం ఆవిడకు పెట్టింది పేరు.

మరదలు ఏమీ అనలేదు. అనవలసింది. అనదు. ఆమె ఓర్పు చూస్తే ఒక్కోసారి ఒళ్లు మండుకొస్తుంది.

కొన్నాళ్లు విద్వాంసుడే స్వయంగా బాగుచేశాడు. అంటే కనపడిన ప్రతి అతుకుకూ అంటుకునే టేపు చుట్టాడు. పాట మరింత నెమ్మదించింది. ఈ లోపల సంగీత సంఘం అధ్యక్షురాలు ఆయన వాయింపు వినడానికి వస్తున్నానని కబురు పెట్టింది. నచ్చితే సంఘం భవనానికి ఆయన్ని ఆస్థాన విద్వాంసుడిగా వేస్తారట. ప్రతి సాయంత్రం, జీవితాంతం. దాంతో ఇక తప్పక మెకానిక్‌ను పిలిపించాడు.

మెకానిక్ కూడా తక్కువ తినలేదు. మనుషుల మీద ఆయనకు మొదటి నుంచీ సదభిప్రాయం లేదు. చొక్కా జేబులో మెత్తటి గుడ్డలో చుట్టిన గేజీ ఒకటి పెట్టుకుని తిరిగేవాడు. గాలి ఎంత బలంగా లాగుతోందో దాని ముల్లు చూపిస్తుంది. పెళ్లాన్ని కూడా అంత భద్రంగా చూసుకుని ఉండడు. వస్తూనే పియానో ముందు తలుపు తీసి, లోపలికి తొంగిచూసి, పెదవి విరిచాడు.

"దీన్ని ఎవడు ముట్టుకున్నాడు?"

"నేనే," అన్నాడు విద్వాంసుడు.

"తెలుస్తూనే ఉంది."

"ముందు మోటారు చూడవయ్యా. అదే బలహీనపడి ఉంటుంది."

"మోటారును అనడం చేతకానివాళ్ల పని. ఇది తిత్తులకు వేసిన గుడ్డ పుచ్చిపోయిన కేసు. ఇలాంటివి ఎన్ని చూళ్లేదు! వాసన పట్టి చెప్పేస్తాను."

వాసన పట్టి చెప్పినవాడు పొద్దుటి పూటంతా పియానో పొట్ట విప్పుకుని కూర్చున్నాడు. తిత్తి తిత్తినీ వేలితో నొక్కి చూశాడు. సన్న గొట్టాలను ఒక్కొక్కటే చిటికెన వేలికి చుట్టి, మూసి, గేజీ ముల్లు వైపు చూశాడు. గుడ్డలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. గొట్టాలు కాస్త బిరుసెక్కాయి కానీ ఎక్కడా పగల్లేదు. ముల్లు మాత్రం ఉన్నచోటు నుంచి కదలదు. మధ్యాహ్నానికి ఆయన మొహం చిట్లించుకున్నాడు.

ఈలోగా మరదలు వచ్చి, చుట్టూ రాలిన పీచూ దూదీ పీల్చి, చివర ఇత్తడి పట్టీ మీది రంధ్రాల దగ్గర మొహం పెట్టి వరసగా పీలుస్తూ పోయింది. రంధ్రాల్లో ఇరుక్కున్న కాగితపు నూగు అంతా గుడ్డలోకి వచ్చేసింది. మెకానిక్ చేతిపంపుతో సగం రోజు చేసే పని అది. ఆయన చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"ఆ కుడివైపు చివరిది వదిలేశావు," అన్నాడు.

ఆమె ఆ చివరిదీ పీల్చింది. పట్టీ తళతళలాడింది. అయినా గేజీ ముల్లు లేవలేదు.

"మోటారు పెట్టె ఏదీ?" అన్నాడు మెకానిక్ ఎట్టకేలకు. గొంతులో మాత్రం ఇదంతా తాను ముందే అనుకున్నదే అన్న ధీమా.

"కొంచెం అవతల ఉంది," అన్నాడు విద్వాంసుడు.

మెకానిక్ గొట్టం పట్టుకుని బయల్దేరాడు. గొట్టం గోడలో దూరింది. నడవాలో తివాచీ కింద పాకింది. తివాచీ ఎత్తి చూస్తే అది అక్కడికి మొక్కలకు నీళ్లు పట్టే గొట్టంగా మారింది. మేడమెట్ల కింద వంటింటి తూము గొట్టం అయింది. సామాన్ల గదిలో రెండు గొట్టాలు కలిసిన చోట ఏదో మెత్తగా తగిలింది. అక్క పాత మేజోడు. దాని మీద టేపు, టేపు మీద తాడు, తాడు మీద కొవ్వొత్తి మైనం. ఒక్కో అతుకు దగ్గరా చెవి పెట్టి వింటుంటే లోపల ఎవరో పళ్ల సందున గాలి పీల్చుతున్నట్టు సన్నటి ఈల. ఆ ఈలలన్నీ దాటి బొగ్గుల షెడ్డుకు చేరేసరికి మెకానిక్‌కు తల ప్రాణం తోకకొచ్చింది.

పెట్టె దగ్గర గొట్టం ఊడదీసి గేజీ పెట్టాడు. ముల్లు చివరిదాకా లేచింది. సామాన్ల గదిలో పెట్టాడు. సగానికి పడింది. పియానో దగ్గర పెట్టాడు. ఉందా లేదా అన్నట్టు ఊగింది.

"మోటారు బాగుంది. పియానో బాగుంది. మధ్యలో ఉన్నది సంగీతం కాదు, పాత సామాన్ల దుకాణం," అన్నాడు. "కావాలంటే చూపిస్తాను. ఏమ్మా, ఇలా రా. ఈ గొట్టం చివర పట్టుకుని పీల్చు."

పియానోకు ఉన్న పొట్టి గొట్టాన్ని ఆమె చేతికిచ్చాడు. ఆమె గుడ్డ కిందికి దించుకుని, గొట్టాన్ని నోట పెట్టుకుని ఊపిరి పీల్చింది.

ఆ పియానో తన జన్మలో అలా మోగలేదు. మూగబోయిన పై మెట్లు గలగలలాడాయి. చుట్ట సాఫీగా నడిచింది. అడుగు మెట్లు నేల అదిరేలా పలికాయి. మరదలి కళ్లు పెద్దవయ్యాయి. పాట తన ఛాతీలోంచి దారి చేసుకుని వెళ్తున్నట్టు ఉంది ఆమెకు. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో ఆమెకు కలిగిన మొదటి సంతోషం అదే. ఇంకా నిజం చెప్పాలంటే ఆమె చేసిన తప్పూ అదే, ఆ సంతోషం మొహం మీద కనపడనివ్వడం.

"చూశారుగా. పియానోలో లోపం లేదు," అన్నాడు మెకానిక్, తానేదో స్వయంగా పీల్చినంత గర్వంగా. "పెట్టె తెచ్చి పియానో కింద పెట్టండి. ఆ చెత్త గొట్టాలన్నీ పారేయండి. అంతే."

విద్వాంసుడు మెకానిక్ మాట వినడం లేదు. పాటను కూడా వినడం లేదు. పాట అడుగున ఉన్న నిశ్శబ్దాన్ని వింటున్నాడు. హోరు లేదు. గుర్రుమనడం లేదు. షెడ్డు లేదు. పియానో దగ్గర కూర్చున్నప్పుడల్లా మూసుకునే కళ్లు ఆ పూట మొదటిసారి పూర్తిగా తెరుచుకున్నాయి.

"అక్కర్లేదు. నువ్వు వెళ్లవయ్యా," అన్నాడు.

మెకానిక్ గేజీ గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మరదలు కిటికీలోంచి తల బయటపెట్టి ఊపిరి వదులుతుంటే చూసి గుమ్మం దగ్గర ఆగాడు.

"నా షాపులో నీలాంటి మనిషి ఉంటే సగం పియానోల రోగం కూర్చున్నచోటే తేలిపోతుంది. వస్తే రా. రాకపోతే నాకేం నష్టం లేదు, గేజీ ఉంది." అంతకంటే మర్యాదగా పిలవడం ఆయనకు చేతకాదు. ఆమెను పనికి పిలిచిన మొదటి మనిషి కూడా ఆయనే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె అక్కతో ఆ మాట చెప్పింది.

"నిన్నా? పనిలోకా?" అక్క ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. "ఊపిరి పీల్చేదానికి ఎవరైనా జీతం ఇస్తారటే? అందరం పీల్చడం లేదూ?"

"అధ్యక్షురాలు వచ్చే సభ అయిపోనివ్వమ్మా," అన్నాడు బావ, ఎన్నడూ లేనంత మెత్తగా. "తర్వాత నీ ఇష్టం."

పియానో వెనక గోడలో పాత బట్టల బీరువా ఒకటి ఉంది, గోడలోకే కట్టినది, తలుపు నడవా వైపు. దానిలోంచి అరలు పీకించి, ఒక స్టూలు వేయించి, గొట్టం దూరేలా వెనక చిల్లు పెట్టించాడు. స్టూలు మీద దిండు కూడా వేయించాడు. ఆ దిండు గురించి నెల రోజులు చెప్పుకున్నాడు. ప్రతి సాయంత్రం మరదలు ఊడ్పు ముగించుకుని బీరువాలో కూర్చునేది. పాటకొక ఊపిరి. పాట అయ్యాక నడవా కిటికీకి వెళ్లి వదిలొచ్చేది. తర్వాత ఇంకో పాట.

మొదటి వారం ఆమెకు బాగానే ఉంది. పాటలన్నీ ఊపిరితోనే గుర్తుపట్టేది. ఏది ఎక్కడ బరువెక్కుతుందో, ఎక్కడ తేలికపడుతుందో ఛాతీకి తెలిసేది. బావ వేళ్లు ఎక్కడ తప్పుతున్నాయో కూడా గొట్టం దూర్చిన చిల్లు సందులోంచి కనపడేది. చిన్నగా నవ్వుకునేది. ఆ తర్వాత నవ్వు తగ్గింది. చీకట్లో కూర్చుని ఇంకొకడి కీర్తి పీల్చడం ఎంత మంచి ఊపిరికైనా విసుగు పుట్టించే పని.

ఒక సాయంత్రం ఆమె కిటికీకి వెళ్తుంటే కొత్తగా దిగిన ఒకాయన చూసి, "బీరువాలోంచి ఎవరో వచ్చారే!" అన్నాడు. మర్నాటికి బీరువా తలుపుకు బయటి వైపు గడియ పడింది; పాట అయ్యాక నడవాలో ఎవరూ లేనిది చూసి అక్కే తీసేది. "నీ మంచికేనే, ఎవరైనా ఏమైనా అనుకుంటారు," అంది అక్క. ఎవరి మంచికో అక్కకూ తెలుసు.

సభ దగ్గర పడింది. విద్వాంసుడికి ఇంకో గొప్ప ఆలోచన వచ్చింది. పాటకూ పాటకూ మధ్య చుట్ట మార్చడం చూస్తే అధ్యక్షురాలికి అనుమానం రావచ్చు. అందుకని ఉన్న చుట్టల్లో మంచివన్నీ ఏరి, అంచుకు అంచు అతికించి, బొద్దుగా ఒకే చుట్ట చేశాడు. అది పెట్టడానికి పియానో లోపల చోటు చాలక చెక్క కూడా కొంత చెక్కాడు.

మరదలు ఆ చుట్టను చూసి భయపడింది.

"బావగారూ, అంతసేపు నేను పట్టి ఉంచలేను. మధ్యలో ఒకసారైనా వదలాలి."

"పీల్చడమేగా నీ పని. పీల్చు. వదలడం సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాతంటే ఎప్పుడు?"

ఆయన కోటుకు బ్రష్ కొట్టుకుంటూ ఉండిపోయాడు. ఆ ప్రశ్న ఆయనకు వినపడి ఉండదు. ఆయన చెవులు మెప్పుకోలు వినడానికి అలవాటు పడ్డవి.

సభ నాటి సాయంత్రం హాలు నిండింది. సూపు ఉచితం అన్నారు కాబట్టి గదుల్లో ఉన్నవాళ్లంతా దిగొచ్చారు. సంఘం అధ్యక్షురాలు ముందు వరసలో కూర్చుంది. సంగీతం అంటే ఆవిడకు ప్రాణమని ఆవిడే చెప్పుకుంటుంది. పాట నడుస్తున్నంతసేపూ పక్కవాళ్లతో మాట్లాడకుండా ఉండగలిగిందన్న దాఖలా మాత్రం లేదు. అక్క మరదల్ని బీరువాలో కూర్చోబెట్టి, దిండు సర్ది, బయట గడియ పెట్టి వెళ్లింది.

గోడకు ఇటువైపు ఆమెకు మాటలన్నీ స్పష్టంగా వినపడుతున్నాయి.

"ప్రతి సాయంత్రం వాయించాలంటే అలుపు రాదా మీకు?" అంటోంది అధ్యక్షురాలు.

"అలుపా! ఊపిరి తీసుకున్నంత తేలిక మేడమ్ నాకు."

"అయితే ఇక ఆలోచించేదేముంది? ఈ పియానో కూడా మీతోపాటే మా భవనానికి తెచ్చేసుకోండి. మా వేదిక వెనక గోడ మందం, మీకు కావలసినట్టు చేయించుకోవచ్చు."

"ఆ గోడ నేను చూసొచ్చాను మేడమ్. చిన్న బీరువా లాంటిది ఒకటి కట్టిస్తే చాలు. బట్టలకి."

మరదలు గొట్టం చేత్తో పట్టుకుని ఆ మాట విన్నది. సభ తర్వాత నీ ఇష్టం అన్న బావ, సభ కాకముందే వెళ్లి గోడ చూసొచ్చాడు. ప్రతి సాయంత్రం, జీవితాంతం. ఆమెకు ఏడుపు రాలేదు. ఇన్నాళ్లూ వీళ్లను మనుషుల్లో జమ కట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంత ఆలస్యంగానైనా వేసింది, అదే మేలు.

అవతల బావ కోటు సర్దుకుంటున్నట్టు నటిస్తూ గోడ మీద తట్టాడు. పీల్చమని ఆమెకు అదే సైగ. ఆమె పీల్చింది.

పియానో మోగింది. బ్రహ్మాండంగా మోగింది. మొదటి పాట సాగింది, రెండోది అతుకు దాటి వచ్చింది, మూడోది దాని వెనకే. హాల్లో చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది. విద్వాంసుడు మునుపెన్నడూ లేనట్టు ఊగిపోతున్నాడు. కోటు తోకలు అటూ ఇటూ ఎగురుతున్నాయి. అధ్యక్షురాలు పక్కావిడ చెవిలో, "ఇక వేరే ఎవర్నీ చూడక్కర్లేదు," అంటోంది.

బీరువాలో మరదలి ఛాతీ నిండిపోయింది. భుజాలు పైకి లేచాయి. స్టూలు కాళ్లు నేలను వదిలేలా ఉన్నాయి. పాట ఇంకా చాలా ఉంది. కిటికీ లేదు, తలుపుకు గడియ. వదలడానికి ఎక్కడా దారి లేదు, నోట్లో ఉన్న ఒక్క గొట్టం తప్ప.

ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత కళ్లు మూసుకుని, తొందరేమీ లేకుండా, చిన్నప్పుడు భోజనాల బల్ల దగ్గర ఆపమన్నప్పటి నుంచీ దాచుకున్నదంతా కలిపి, ఊపిరి వదిలింది.

పియానో పాట మధ్యలోనే ఆగిపోయింది. లోపలి తిత్తులన్నీ ఉబ్బి, మెట్లన్నీ పైకి లేచి బిగుసుకుపోయాయి. ఇత్తడి పట్టీ మీది రంధ్రాల్లోంచి గాలి తన్నుకొచ్చి కాగితాన్ని ఎత్తింది. ఆ బొద్దు చుట్ట ఒక్క ఉదుటున విప్పుకుంటూ బయటికి దూకి, విద్వాంసుడి నెత్తి మీదుగా వెళ్లి, భుజాల మీద పడి, మెడ చుట్టూ తిరిగి, ముందు వరసలో అధ్యక్షురాలి ఒళ్లోకి చేరింది. చిల్లుల కాగితం మూరలకొద్దీ వస్తూనే ఉంది.

విద్వాంసుడి కళ్లు మూసుకునే ఉన్నాయి. ఆయన వాయిస్తూనే ఉన్నాడు.

హాల్లో చిన్న చప్పుడు కూడా లేదు. ఆయన వేళ్లు బిగుసుకుపోయిన మెట్ల పైన పరుగెత్తుతున్నాయి. ఒకచోట కనుబొమలు పైకెత్తి కరిగిపోయాడు. ఒకచోట పళ్లు బిగించి అడుగు మెట్ల మీద విరుచుకుపడ్డాడు. తన పాటను ఆయన ఎన్నడూ వినలేదని, అందుకే అది ఆగిపోయిన సంగతి కూడా ఆయనకు తెలియలేదని అందరికీ ఒకేసారి అర్థమైంది. అధ్యక్షురాలు ఒళ్లోని కాగితాన్ని ఎత్తి, దీపానికి ఎదురుగా పట్టుకుని, చిల్లుల్లోంచి ఆయన్ని చూసింది. ఆయన చివరి దెబ్బ కొట్టి, చేతులు గాల్లోకి లేపి, తల వెనక్కి వాల్చాడు. వెనక వరసలో ఒకాయన అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి, సూపు గిన్నె కోసం అటూ ఇటూ చూశాడు.

బీరువాలో ఊపిరి ఇంకా కొంచెం మిగిలింది. మరదలు గొట్టం పక్కన పెట్టి, ఆ మిగిలింది తలుపు మీదికి వదిలింది. గడియ ఊడి కింద పడింది. ఆమె బయటికి వచ్చి, ముక్కుకు కట్టుకునే గుడ్డను మడిచి దిండు మీద పెట్టింది. తన గదిలోకి వెళ్లి బట్టల సంచీ తీసుకుంది. అంత తేలికైన సంచీని తీసుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది ఆమెకు.

నడవాలో అక్క ఎదురైంది. హాల్లో జరిగిందేమిటో ఆవిడకింకా అందలేదు. గిన్నెల పళ్లెం పట్టుకుని కంగారుగా పోతోంది.

"ఎక్కడికే?"

"ఊపిరి వదిలొస్తానక్కా."

"త్వరగా రా," అంది అక్క, వెనక్కి తిరిగి చూడకుండానే.

వీధిలో ఇంకా వెలుతురు పోలేదు. మెకానిక్ షాపు రెండు వీధుల అవతల, ఆమెకు దారి తెలుసు. మెట్లు దిగి, ఇంటి ముందు ఒక్క నిమిషం నిలబడి, తన కోసం ఒక ఊపిరి పీల్చుకుంది. దుమ్ము కోసం కాదు, పాట కోసం కాదు. వెనక హాలు కిటికీల్లోంచి ముఖమల్ కర్టెన్లన్నీ బయటికి వచ్చి, బారుగా చాచుకుని, ఆమె వెంట వీధి దాకా వంగాయి. ఆమె నడిచింది. మలుపు తిరిగాక అవి ఒక్కొక్కటే జారి, మడతలు చెదిరి, కిటికీల బయట గోడకు వేలాడాయి.

"ఏవే, ఆ కర్టెన్లు సర్దు!" అని అక్క లోపల్నుంచి కేకేసింది.